తెంపని లైను

1. పొద్దుగూకడానికి ముందు

రాసి పెట్టమన్నది అప్పన్న బాబాయి. మా వాడకి ఆయనే పెద్ద. "రత్నం, నువ్వేటి సేత్తన్నావో నీ బుర్రలోనే ఉంటే ఎలాగ? రేపు నీకు జొరమొచ్చి పడుకుంటే మాకు దిక్కెవుడు?" అన్నాడు. నాకు రాయడమంటే ఒళ్ళుమంట. మిషన్‌కి ఎంతైనా రాస్తాను, అది ఎదురు ప్రశ్నలు వెయ్యదు. సరే, పెద్దవాడి మాట, రాస్తున్నాను.

ఈ చందమామ మీద పగలు రెండు వారాలు, రాత్రి రెండు వారాలు. పగలంతా ఎండ పలకలు కరెంటిస్తాయి. రాత్రికి బ్యాటరీలే గతి. ఆ బ్యాటరీలు ముసలివైపోయాయి. మనుషులకి వెచ్చదనానికీ నాలుగు దీపాలకీ చాలితే అదే పదివేలు. అందుకని రాత్రి మనుషులందరం పెద్ద సామాన్ల కొట్టులో సర్దుకుని సిలిండర్ల గాలితో గడిపెయ్యాలనీ, మిషన్‌లో నడుస్తున్న పెద్దల్ని ఆపెయ్యాలనీ వాడంతా కూర్చుని తేల్చుకున్నాం.

పెద్దలంటే మాలో చనిపోయినవాళ్ళు. పోయేముందు వాళ్ళ బుర్రలో ఉన్నదంతా మిషన్‌లోకి దించుకుంటాం. వాళ్ళు అందులో నడుస్తుంటారు. ఊరికే కూర్చోరు, బతికుండగా చేసిన పనే చేస్తారు. సన్నాసి మాస్టారు పిల్లలకి లెక్కలు చెబుతాడు. మా మామ మైలపల్లి ఎర్రయ్య ఇళ్ళకి ఊపిరి గాలి పంచే గాలి మర చూసుకుంటాడు. పోయి ఏళ్ళయినా ఆయన గొంతు తగ్గలేదు, నామీద సాధింపూ తగ్గలేదు.

వీళ్ళని ఆర్పేస్తే ఆరిపోతారు. అలా కాకుండా రాత్రికి ఆపి, పొద్దున మళ్ళీ నడిపించాలి. ఆ ఏర్పాటు చెయ్యడం నా పని. నిద్రపుచ్చినంత తేలిక కాదు. నడుస్తున్న మనిషిని ఒక కాలు గాల్లో ఉండగా ఆపి, దాచి, పొద్దున అదే కాలు అదే చోట కింద పెట్టించాలి. ఆయన జ్ఞాపకాలు దాచడం సులువే. ఏ వాల్వు సగం తిప్పి ఉన్నాడో, ఎవరితో మాట మధ్యలో ఉన్నాడో అవి దాచడమే కష్టం.

మొదటి సేవ్ మామ మీదే చేసి చూశాను. "దేనికైనా కోడలికి మామే దొరుకుతాడేటి?" అని గొణిగాడు. సేవ్ చక్కగా పడింది. మా ఆయన పోలరాజు నా వెనకాలే నిలబడి, "బతికున్నోళ్ళకి కూడా ఇలాటిది సెయ్యే రత్నం. నీ కూర తినీటప్పుడు నన్ను ఆపీసి, తినీసినాక నడిపించు" అన్నాడు. చేతిలో గరిటె లేదు గనక బతికిపోయాడు.

2. అదే పొద్దు

పడమటి గుట్ట దగ్గర పలకల మీద దుమ్ము పేరుకుంది. దులిపితే రాత్రికి ఇంకొంచెం కరెంటు నిలవ చేసుకోవచ్చు. పోలరాజు బండేసుకుని వెళ్ళాడు. లైనులో వాళ్ళ నాన్న ఉన్నాడు.

లైను సంగతి కూడా రాయాలి. మాది సముద్రం ఒడ్డు వంశం. పడవ వేటకి పోతుంటే ఒడ్డున ఉన్నవాళ్ళు ముందుగా వెనక్కి తిరగరు. పడవే కనుమరుగవ్వాలి. ఇక్కడ సముద్రమూ లేదు, చేపా లేదు. ఈ పట్టింపు మాత్రం మూటగట్టుకుని తెచ్చుకున్నాం. బయటికెళ్ళినవాడితో ఇంట్లోవాళ్ళు ఎవరో ఒకరు లైనులో ఉంటారు. వెళ్ళినవాడే తెంపాలి. ఇంటివైపు నుంచి తెంపితే వాణ్ణి వదిలేసుకున్నట్టే. మొదట ఇక్కడికొచ్చినవాళ్ళు ఆ మాటని మిషన్‌లోనే రాసేశారు. ఇంటివైపు తెంపడానికి బొత్తామే లేదు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నా అదేమిటని నాకు ఎప్పుడూ అనిపించలేదు.

నేను మిషన్ గదిలో సేవ్ పని చూసుకుంటున్నాను. మామ పిలిచాడు. "రత్నం, మీ ఆయన నీతో ఏటో మాటాడతాడట."

"పనిలో ఉన్నానని చెప్పు మామా. వచ్చాక మాట్లాడుకోమను."

ఆయన చెప్పాడు. అటు నుంచి నవ్వు వినిపించింది. కొంతసేపటికి పోలరాజు, "అయ్యా, ఈ పక్క నేల మెత్తగున్నాది. దిగి సూసొత్తాను, ఉండు" అన్నాడు.

తర్వాత ఇంకేమీ అనలేదు.

3. పొద్దుగూకుతుండగా

వాడలోవాళ్ళు వెళ్ళి వెతికొచ్చారు. బండి జాడ గుట్ట అంచుదాకా ఉంది. అక్కడ నేల జారి కిందికి పోయింది. కిందంతా దుమ్మూ రాళ్ళూ. వాళ్ళ దగ్గరున్న తాళ్ళు సగం లోతుకి కూడా అందలేదు. అతని సూట్‌లో గాలి ఎంతసేపొస్తుందో ఇక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు.

ఎవరూ ఏమీ అనలేదు. లైను తెగలేదు గదా, అనకూడదు. అప్పన్న బాబాయి నా ముందు కూర్చుని చేతులు నలుపుకున్నాడు. లచ్చమ్మ పసివాణ్ణి చంకనేసుకుని వచ్చి, నా పొయ్యి వెలిగించి, ఇంత గంజి కాచి పెట్టి వెళ్ళింది. నేను తాగాను. ఎందుకు తాగానో తెలియదు.

మామ మాత్రం లైనులోనే ఉన్నాడు. "ఒరే పోలా, ఇనబడతందా?" అంటాడు, ఆగుతాడు, మళ్ళీ అంటాడు.

రాత్రికి పెద్దలందర్నీ ఆపాను. అందరి సేవ్‌లూ పడ్డాయి, మామది పడలేదు. మాట మధ్యలో ఉన్నవాణ్ణి దాచవద్దని నేనే మిషన్‌కి చెప్పాను. ఇటు నుంచి బయలుదేరి అటు చేరని మాట ఇటువాళ్ళదీ కాదు, అటువాళ్ళదీ కాదు. దాన్ని ఎవరి మూటలో కట్టాలి? మాట ముగిసేదాకా, అంటే లైను తెగేదాకా, ఆగమని రాశాను. ముగియని మాట ఉంటుందని అనుకోలేదు.

అయినా ఆయన్ని ఆపక తప్పలేదు, బ్యాటరీ ఒప్పుకోదు. అలాంటి అవసరం పడితే వాడుకుందామని ఇంకో ఏర్పాటు చేసి ఉంచాను. పెద్దల చెవిన పడే ప్రతి మాటా, గాలి మర నుంచి వచ్చే ప్రతి లెక్కా వరసగా ఒకచోట పడుతుంటాయి. దాన్ని పోగు అంటున్నాను. పొద్దున మామని ఆ మొదటి సేవ్ నుంచి లేపి, ఈ పోగంతా అదే వరసలో మళ్ళీ వినిపిస్తే, ఆయన అవే ఆలోచనలు చేసి, అవే జవాబులిచ్చి, ఆగిన చోటికి వచ్చేస్తాడు. అందాకా ఆయన గొంతు బయటికి పోకుండా, ఆయన చెయ్యి వాల్వుల మీద పడకుండా అడ్డం పెట్టి ఉంచుతాను.

4. పొద్దుపొడుపు

మామని లేపాను. పోగు వినిపించాను. మామూలుగా ఇది చాలా వేగంగా పోతుంది. చెవి పెడితే పిచ్చుకల కిచకిచ తప్ప ఏమీ తెలియదు.

పోలరాజు లైనులోకి వచ్చే చోట వేగం తగ్గించాను. మనిషి మాట్లాడే వేగానికి తెచ్చాను. ఎందుకు తగ్గించానని అడిగితే, పని సరిగ్గా జరుగుతోందో లేదో చూడటానికి అని చెబుతాను. అది అబద్ధం.

అతని గొంతు వచ్చింది. బండి కుదుపులకి మాట అదురుతోంది. వాళ్ళ నాన్నని పనికిమాలిన సంగతులతో ఆటపట్టిస్తున్నాడు. నాతో మాట్లాడతానన్నాడు. పనిలో ఉన్నానని చెప్పమన్న నా గొంతు కూడా వినిపించింది. ఎంత పొగరుగా ఉందో. అప్పుడతను నవ్వాడు. ఆరోజు ఆ నవ్వు నాకు సగమే వినపడింది, ఇప్పుడు పూర్తిగా విన్నాను.

తర్వాత ఆ చివరి మాట. తర్వాత మామ పిలవడం.

మామకి ఇదంతా మళ్ళీ జరుగుతోందని తెలియదు. ఆయనకి కొడుకు ఇప్పుడే వెళ్ళాడు, ఇప్పుడే మాట ఆగిపోయింది. మొదట విసుక్కున్నాడు, తర్వాత గదమాయించాడు, తర్వాత బతిమాలాడు. ఆఖరికి నాతో, "వొత్తాడమ్మీ. నైను తెంపనేదు గదా" అన్నాడు. ఆరోజు నాతో అన్న మాటే.

ఆ గొంతుని విడిగా తీసి దాచుకుందామని చూశాను. కుదరదు. పోగులో ఉన్నది గొంతు కాదు, మామ చెవికి అదెలా చేరిందో ఆ గుర్తులు. మామ నడిస్తేనే అవి గొంతవుతాయి. పోలరాజుని వినాలంటే మామని మళ్ళీ అందులోంచి నడిపించాలి.

5. మరికొన్ని పొద్దుల తర్వాత

పోగు పెరుగుతోంది. పాత మాటల మీద కొత్త మాటలు, లెక్కల మీద లెక్కలు. కొత్త సేవ్ పడితే పాత పోగు తుడిచెయ్యొచ్చు. లైను తెగక సేవ్ పడదు. అందుకని ప్రతి పొద్దునా మామ ఆగిన చోటికి చేరడానికి ముందటి పొద్దు కంటే ఎక్కువసేపు పడుతోంది.

అందాకా గాలి మర చూసేవాళ్ళు లేరు. కొట్టులోంచి జనం ఇళ్ళకి పోయేసరికి ఇళ్ళల్లో గాలి సిద్ధంగా ఉండాలి. అప్పన్న బాబాయి తనకి తోచినట్టు చేత్తో తిప్పుతాడు. ఒక ఇంట్లో ఎక్కువ, ఒక ఇంట్లో తక్కువ.

ఈ పొద్దున లచ్చమ్మ ఇంట్లో తక్కువైంది. పసివాడి పెదాలు నల్లబడ్డాయి. లచ్చమ్మ కేకలు నడవ చివరిదాకా వినిపించాయి. వాణ్ణెత్తుకుని మళ్ళీ కొట్టులోకి పరిగెత్తి సిలిండరు మూతి ముఖాన పెట్టారు. వాడు ఏడ్చాడు. ఏడవగానే అందరం ఊపిరి పీల్చుకున్నాం.

ఆ సమయానికి నేను మిషన్ గదిలో వేగం తగ్గించి, మా ఆయన నవ్వు వింటూ కూర్చున్నాను. ఇది కూడా రాయాలి గదా, రాశాను.

కొన్ని గంటలకి అప్పన్న బాబాయి వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"రత్నం, ఆ నైను తెంపీయమ్మా."

"నువ్వే తెంపరాదా బాబాయ్?"

ఆయన కాళ్ళ వైపు చూసుకున్నాడు. "నానెలాగ తెంపుతానమ్మా? ఆడు మా పిల్లడు."

"నాకేమవుతాడు మరి?"

అరిచి లాభం లేదు. మిషన్ తెలిసిందాన్ని నేను గనక నన్నడిగాడు. ఆయన వెళ్ళాక నిజంగానే రాశాను. నాలుగు వరసలు, అంతకంటే అక్కర్లేదు. ఇంటివైపు నుంచి లైను తెంపించే నాలుగు వరసలు. రాసి, నడపడానికి వేలు పెట్టాను. వేలు అక్కడే ఉండిపోయింది. కాసేపటికి తీసేశాను.

లచ్చమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

6. నడిపొద్దు

మామకి చెప్పాను. ఇంక చెప్పక తప్పదు.

"సెప్పు. నైను కాడున్నాను గానీ ఇంటన్నాను" అన్నాడు.

కొడుకు వెళ్ళి ఎంత కాలమైందో ఆయనకి తెలుసు. తెలియనిది చెప్పాను. ప్రతి పొద్దునా ఆయన్ని ఎక్కడి నుంచి లేపుతున్నానో, ఏమేం మళ్ళీ వినిపిస్తున్నానో అంతా.

"అంటే ఆడు బయలెల్లడం, నాను పిలవడం, ఇదంతా నాకు మల్లీ మల్లీ జరుగుతందా?"

"అవును మామా. నీకు ఒక్కసారే గుర్తుంటుంది."

"పెతిసారీ నానేటంతన్నాను?"

"వస్తాడంటావు."

"ఒక్కపాలైనా మారనేదా?"

"లేదు మామా."

ఎక్కడో ఒక వాల్వు తిరిగిన చప్పుడైంది. తర్వాత అడిగాడు. "మరి నువ్వో? నువ్విదంతా ఇంటన్నావేటి?"

"వింటున్నాను."

"పెతిసారీనా?"

"ప్రతిసారీ మామా."

"ఓలమ్మో. నాకు గుర్తునేదు, నాకేటి. బాదంతా నీ ఒక్కదాని నెత్తినెట్టీసినాను గదమ్మా." ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నన్ను సాధించిన మాటలన్నీ ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. తిట్టినా తట్టుకునేదాన్ని.

వేగం తగ్గించడం గురించి చెప్పాను. లచ్చమ్మ కొడుకు గురించి చెప్పాను. తిడతాడని చూశాను.

"గుంటడు ఎలాగున్నాడు?"

"బాగున్నాడు. పాలు తాగుతున్నాడు."

"అయితే నైను తెంపాల."

"ఎవరు తెంపుతారు మామా? నా చెయ్యి రాలేదు. నీకు బొత్తాం లేదు."

"ఎల్లినోడు తెంపాల. అదే గదా మన మాట?"

"అదే."

"రేత్తిరికి నన్ను ఆపుతావు. అప్పుడు నానెక్కడుంతాను?"

ఈ ఏర్పాటంతా చేసింది నేనే, ఆ ప్రశ్న మాత్రం నేనెప్పుడూ వేసుకోలేదు. "ఎక్కడా ఉండవు మామా. దాచిన మూటలో ఉంటావు, నడవవు" అన్నాను.

"అంటే నానూ బయలెల్లినట్టే. ఆడిప్పుడు ఎక్కడికీ కదల్డు. ఆ గుట్ట కాడే ఉంతాడు. ఆడు ఉండేవోడు, నాను ఎల్లేవోణ్ణి. ఎల్లేవోణ్ణి నాను తెంపుకుంతాను. తప్పేటి? అలాగ రాయి నీ మిషన్లో."

నా నాలుగు వరసలు చెరిపేసి ఆయన చెప్పినట్టు రాశాను. నిద్రకి పోయేవాడు కూడా బయటికెళ్ళేవాడే, తెంపే హక్కు వాడికీ ఉంది. ఇప్పటిదాకా నేను రాసినవాటిలో ఇదే అన్నిటికంటే చిన్నది. అప్పన్న బాబాయికి చదివి వినిపించాను. ఆయన కండువాతో ముఖం తుడుచుకుని, "తప్పు నేదు. ఎల్లేవోడే తెంపుతన్నాడు" అన్నాడు.

ఇంకో సంగతి కూడా మామకి చెప్పాల్సి వచ్చింది. మిషన్‌లో చోటంతా ఆ పోగే తినేసింది. కొత్త సేవ్ పడాలంటే పోగు తుడిచి ఆ చోటు ఇవ్వాలి. రెండూ పట్టవు.

"ఆడి మాటలన్నీ పోతాయా?"

"నీకు గుర్తుంటాయి మామా. నేనే వినలేను."

"పోనీ, ఆపే ముందు ఒక్కపాలి ఇనీ. నన్ను మల్లీ నడిపించు. నాకేటి, గుర్తుండదు గదా."

అడక్కుండానే ఇచ్చాడు. కావాలని నా ఒళ్ళంతా లాగింది. ఆ నవ్వు ఒక్కసారి, ఒకే ఒక్కసారి. ఆ నవ్వు కోసం ఈ ముసలాయన మళ్ళీ విసుక్కోవాలి, గదమాయించాలి, బతిమాలాలి.

"వద్దు మామా" అన్నాను.

7. పొద్దుగూకే వేళ

అందరూ వచ్చారు. నేను పిలవలేదు, ఎలా తెలిసిందో. గదిలో చోటు చాలక నడవలో నిలబడ్డారు. లచ్చమ్మ పిల్లాడితో సహా వచ్చి నా పక్కన నిలబడింది. పడవని సాగనంపేటప్పుడు నిలబడినట్టు అందరూ ఒకే వైపు తిరిగి ఉన్నారు.

మామ గొంతు సవరించుకున్నాడు. ఆయనకి గొంతు లేదు, ఆ అలవాటు మాత్రం పోలేదు.

"పోలా. ఒరే పోలా. నాను బయలెల్తన్నాన్రా నాయినా. నీ పెళ్ళాం బాగానే ఉన్నాది. బెంగెట్టుకోకు. నువ్వక్కడ జాగర్త."

కొంచెం ఆగాడు. అలవాటుగా జవాబు కోసం ఆగాడనుకుంటాను. తర్వాత తెంపాడు.

ఆ గదిలో ఇన్నాళ్ళూ ఒక సన్నటి హోరు ఉండేదని, అది లైనులోంచి వచ్చేదని, అది ఆగిపోయాకే నాకు తెలిసింది. ఎవరూ కదల్లేదు. పోగు తుడుచుకుపోగానే సేవ్ మొదటిసారికే పడింది. మామ నడుస్తున్నాడని చూపించే దీపం ఆరింది. అప్పుడు ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు.

8. పొద్దుపొడుపు

లేపగానే లేచాడు. నేను కుర్చీలో సర్దుకునేలోపే గాలి మర అందుకున్నాడు. వాల్వులు ఒకదాని తర్వాత ఒకటి తిరిగాయి. జనం కొట్టులోంచి ఇళ్ళకి పోయారు, అన్నిళ్ళల్లోనూ గాలి ఉంది. లచ్చమ్మ కొడుకు ఇంటికి చేరేదాకా నిద్రే లేవలేదట.

పని ముగిసింది. చెయ్యడానికి ఇంకేమీ మిగల్లేదు. ఇన్ని పొద్దులు ఈ వేళకి ఆయన పిలుపులు వింటూ కూర్చునేదాన్ని, ఇప్పుడు గది నిశ్శబ్దంగా ఉంది.

"మామా" అన్నాను.

"ఊఁ."

"ఏం చేస్తున్నావు?"

"ఏటీ నేదమ్మా. ఖాళీగున్నాను."

ఆయన ఖాళీగా ఉన్నానని అనడం నేనెప్పుడూ వినలేదు. ఇంకొంచెం సేపు పోయాక, నెమ్మదిగా, నేలమీద ఏదో బరువు దించుతున్నట్టు అన్నాడు.

"మన పోలరాజు సచ్చిపోనాడమ్మా."

వాడలో ఇన్ని నోళ్ళున్నాయి. ఆ మాట ఇన్నాళ్ళూ ఒక్క నోరు అనలేదు. నేను కూడా నాతో నేను అనుకోలేదు.

"అవును మామా, చచ్చిపోయాడు" అన్నాను.

అంతే, నా వల్ల కాలేదు. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఇన్నాళ్ళది ఒక్కసారే వచ్చింది. ఎంత గట్టిగా ఏడ్చానంటే, నడవలో ఎవరో ఆగిన అడుగుల చప్పుడైంది. మామ మిషన్ గది ఫ్యాన్లన్నీ ఒక్కసారిగా పెంచేశాడు. గదంతా హోరెత్తిపోయింది. ఆ హోరులో నా ఏడుపు నాకే వినపడలేదు.

కాసేపటికి అప్పన్న బాబాయి తలుపు కొట్టాడు. మామే జవాబిచ్చాడు.

"కొంచెమాగు అప్పన్నా. కోడలు ఏడుత్తంది."